చెప్పులు విప్పే చోటు

ఆ ఆదివారం ఆరాధనలో ఉపదేశి ఫిలేమోను విశ్వాస ప్రమాణంలోంచి ఒక మాట మింగేశాడు.

పొరపాటున కాదు సుమండీ. కొంగలంక గుళ్ళో అతను ముందు ఒక్కో మాటా అంటే, జనం వెనక అందుకోవడం అలవాటు. తండ్రియగు దేవుని నమ్ముచున్నాను అన్నారు, కుమారుని అన్నారు, పరిశుద్ధాత్మను అన్నారు. పాపక్షమాపణ దాకా బండి సాఫీగానే నడిచింది. ఆ తర్వాత రావలసింది శరీర పునరుత్థానము, అంటే పోయినవాళ్ళు ఒంటితో సహా మళ్ళీ లేస్తారన్న మాట. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి గోదారి కనిపించింది. ఎర్రగా, నిండుగా, ఒడ్డుని రాసుకుంటూ పోతోంది. మాట వెనక్కి పోయింది. ఫిలేమోను గుటక వేసి, "నిత్యజీవమును నమ్ముచున్నాను, ఆమేన్" అని ముగించేశాడు.

వెనక జనం తడబడ్డారు. అలవాటుగా "శరీ..." దాకా వచ్చిన గొంతులు గాల్లో ఆగిపోయాయి.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర సారమ్మ పట్టుకుంది. సారమ్మంటే ఆ గుడికి పునాది రాళ్ళు మోసిన మనిషి. కళ్ళు సరిగా ఆనవు గాని చెవులు మాత్రం చురుకు.

"ఏం బాబూ, వాన వచ్చేలా ఉందని విశ్వాసం కురచ చేశావా?"

"గొంతు పట్టేసిందండి సారమ్మగారూ."

"పట్టేస్తే అన్ని మాటలూ పట్టెయ్యాలి గదా. ఆ ఒక్కటే ఎందుకు పట్టిందీ?"

ఫిలేమోను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. సారమ్మ గొంతు తగ్గించింది.

"నా కొడుకులిద్దరూ ఆ మాట మీదే పడుకున్నారు బాబూ. నువ్వది తీసేస్తే వాళ్ళు దేని మీద పడుకోవాలి?"

అని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఫిలేమోనుకి మాత్రం అన్నం సయించలేదు ఆ పూట.

మీలో లంకలు చూడని వాళ్ళుంటారేమో, చెప్తాను. గోదారి మధ్యలో మట్టి పేరుకుని తేలిన నేలే లంక. ఆ నేలని గోదారే ఇస్తుంది, గోదారే అడుగుతుంది. కొన్నేళ్ళు ఒక పక్క మట్టి పోస్తుంది, కొన్నేళ్ళు ఇంకో పక్క కోసుకుపోతుంది. కొంగలంకకి తూర్పు కొసన కోత పడింది. ఆ తూర్పు కొసనే సమాధుల తోట ఉంది.

ఆ తోటకి ఒక పద్ధతి ఉంది. రెండు సరుగుడు స్తంభాలు పాతి గేటులాగా చేశారు. అక్కడ చెప్పులు విప్పాలి. కలవారైనా కూలివారైనా, పెళ్ళికొచ్చిన చుట్టాలైనా, అక్కడ విప్పాల్సిందే. ఎందుకంటే అందులో ఉన్నవాళ్ళు చనిపోయారని ఆ లంకలో ఎవరూ అనరు. ప్రభువునందు నిద్రించారు అంటారు. పడుకున్నవాళ్ళు ఉన్న ఇంట్లోకి టపటపమని చెప్పులేసుకుని వెళ్తామా? వెళ్ళం గదా. మాట కూడా గట్టిగా మాట్లాడరు. పిల్లలు అల్లరి చేస్తే తల్లులు "ష్, లేస్తారే" అంటారు. ఎప్పుడో ఒక ఉదయాన లేస్తారని వాళ్ళ నమ్మకం. అంత మామూలుగా నమ్ముతారు.

ఈ పద్ధతి పెట్టింది పరంజ్యోతి అయ్యగారు. ఆ సంఘానికి పాస్టరు ఆయనే. పొడుగాటి మనిషి, ఉబ్బసం మనిషి, రెండు వాక్యాలు చెప్తే మూడోదానికి ఊపిరి వెతుక్కోవాలి. అమ్మానాన్నా లేని ఫిలేమోనుని ఇంట్లో పెట్టుకుని, ఇసుకలో అక్షరాలు దిద్దించి, బైబిలు చదువులకి పంపి, తిరిగొచ్చాక ఉపదేశిగా పక్కన నిలబెట్టుకున్నది ఆయనే.

కిందటేడు వరదకి తోటలో ముందు వరస పోయింది. ఆ వరసలో అయ్యగారి భార్య సమాధి ఉండేది. ఆవిడని లంకంతా అమ్మగారు అనే పిలిచేది. ఆ రోజు అయ్యగారు ఒడ్డున కాసేపు నిలబడి ఇంటికెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఆయనకో వింత అలవాటు పట్టుకుంది. రేవులో పడవెక్కే ముందు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంటారు. అవతలి ఒడ్డున దిగాక మళ్ళీ తొడుక్కుంటారు.

పడవ నడిపే అబ్బులుకి అదొక వేడుక. "అయ్యగారి చెప్పులకి నీళ్ళంటే భయమండి, అందుకే ఎత్తుకుంటారు" అనేవాడు. "అరిగిపోతాయని దాచుకుంటున్నారేమోరా" అని ఇంకొకరు. అయ్యగారు వాళ్ళతో పాటే నవ్వేవారు. ఫిలేమోను కూడా నవ్వాడు అప్పట్లో.

ఈ ఏడు రెండో వరస వంతు. ఆ వరసలో ఫిలేమోను కూతురు రూతు ఉంది. జ్వరం వచ్చి పోయింది పాప. మాటలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న వయసు.

అతను రోజూ సాయంత్రం ఒడ్డుకెళ్ళి, నీటంచుకి ఇవతల ఒక కర్ర పాతి వచ్చేవాడు. తెల్లారి వెళ్ళి చూస్తే కర్ర ఉండేది కాదు. ఇంకో కర్ర ఇంకాస్త ఇవతల పాతేవాడు. అదీ ఉండేది కాదు. కర్రకీ పాప సమాధికీ మధ్య నేల రోజురోజుకీ సన్నబడుతోంది.

ఆ ఆదివారానికి ముందు ఒక రోజు భార్య సుగుణ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"ఏవండీ, పాపని గోదారి తీసుకెళ్ళిపోతే... ఎక్కడుందో దేవుడికి తెలుస్తుందంటారా?"

ఫిలేమోను చదువుకున్నవాడు. ఇలాంటివాటికి వాక్యాలు చూపించడం నేర్చుకున్నవాడు. ఎవరైనా పరాయివాళ్ళు అడిగి ఉంటే వేళ్ళ మీద చెప్పేవాడు. అడిగింది పాప తల్లి. అతను కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు.

తెలుస్తుందని తనకి నమ్మకం లేదన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది. అది తెలిసిన దగ్గర్నుంచీ భయం పట్టుకుంది. కడుపులో చల్లటి రాయి పెట్టినట్టుండేది. ఆ ఒక్క మాటా ఊడిపోతే మిగతా మాటలు ఎన్నాళ్ళుంటాయి? ఆ రాయితోనే ఆదివారం గుళ్ళోకి వెళ్ళాడు. అందుకే మింగేశాడు.

మూడు నాళ్ళు తిరక్కుండానే పైన ఎక్కడో వానలు దంచాయి. నీళ్ళు ఇంకా ఇంకా లేచాయి. మధ్యాహ్నానికల్లా దండోరా వేశారు. లంక ఖాళీ చెయ్యాలి, పిల్లాపాపల్ని తీసుకుని గట్టు చేరాలి, ఆలస్యం చేస్తే ప్రాణాలకి పూచీ లేదు అని. జనం మూటలు కట్టడం మొదలుపెట్టారు. కోళ్ళు అరుస్తున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు. వాటన్నిటి వెనకా తూర్పు వైపు నుంచి ఉండుండి ఒక చప్పుడు, ధభేల్ మని. ఒడ్డు విరిగి పడుతున్న చప్పుడది. అది వినబడినప్పుడల్లా ఏడ్చే పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగుతున్నారు.

ఫిలేమోను ఒక చేత్తో గునపం, ఇంకో చేత్తో రేకుపెట్టె పట్టుకుని అయ్యగారింటికి పరిగెత్తాడు. ఆ పెట్టెలో సుగుణ పెళ్ళిచీరలుండేవి. వాటిని మంచం మీద కుమ్మరించి వచ్చాడు.

అయ్యగారు ప్రభురాత్రి భోజనపు గిన్నెని తన పంచెలో చుడుతున్నారు.

"అయ్యగారూ, పాపని తీసుకెళ్ళిపోతాను. సెలవివ్వండి."

అయ్యగారు గునపం చూశారు. పెట్టె చూశారు.

"ఎక్కడికి నాయనా?"

"గట్టు మీదికి. ఎక్కడికైనా. గోదారికి అందని చోటికి."

"అలాంటి చోటు చూసి పెట్టావా?"

అయ్యగారు ముడి వేసి, మూట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచారు.

"పద" అన్నారు.

తోట దగ్గరికి వచ్చేసరికి నేల పాదాల కింద అదురుతోంది. రెండో వరసకి ఇవతల సన్నటి బీట ఒకటి, తోట పొడవునా. దాని అవతల పాప సమాధి, చిన్న సరుగుడు సిలువ, కొంచెం ఒరిగి ఉంది. దాని అవతల ఏమీ లేదు. గోదారే.

అయ్యగారు స్తంభాల దగ్గర ఆగి, దగ్గుతూ, వంగి చెప్పులు విప్పారు. ఫిలేమోను ఆగలేదు. ఆ తోటలోకి చెప్పులతో అడుగుపెట్టడం అతని జన్మలో అదే మొదటిసారి.

"ఫిలేమోనూ" అని వెనకనుంచి పిలుపు. "చెప్పులు."

అతను గిర్రున తిరిగాడు.

"ఇప్పుడు చెప్పుల సంగతా అయ్యగారూ! అక్కడ చూడండి! నిద్రపోతున్నారు, నిద్రపోతున్నారని నేర్పారు. నిద్రపోయే పిల్లని ఎవరైనా నీళ్ళకి వదిలేస్తారా? ఇవి ఎముకలండి. ఉత్త ఎముకలు. గోదారి ఈడ్చుకుపోతే ఒకటొక చోట, ఒకటొక చోట. చివరికి సముద్రం. ఆ తర్వాత ఏం లేస్తుంది? ఎవరు లేస్తారు? చెప్పండి!"

ఆ తోటలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అరవలేదు. అరిచాక అతనికే ఒళ్ళు జలదరించింది. అయ్యగారు ఉబ్బసంతో ఛాతీ ఎగిరిపడుతుంటే, ఉత్త కాళ్ళతో, మెల్లగా నడిచొచ్చి అతని వెనకాల నిలబడ్డారు.

ఫిలేమోను బీట దాటాడు. పెట్టె కింద పెట్టాడు. గునపం ఎత్తాడు.

గునపం దిగిన శబ్దం రాలేదు. మెత్తగా, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. కాళ్ళ కింద నేల ఒక్కసారి నిట్టూర్చింది. ఎవరో చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చారు. గొంతు బిగిసింది. వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడికి ముందు ఆకాశం కనిపించింది, తర్వాత ధభేల్ మన్న చప్పుడు వినిపించింది. ముఖం నిండా ఎర్ర నీళ్ళు చిమ్మాయి.

లేచి చూశాడు. పాప లేదు. పెట్టె లేదు, గునపం లేదు. సరుగుడు సిలువ నీళ్ళ మీద ఒకసారి నిటారుగా లేచి, పక్కకి వాలి, తిరుగుతూ తిరుగుతూ తూర్పుకి వెళ్ళిపోయింది. రెండో వరసంతా అలాగే పోయింది. అందులో సారమ్మ కొడుకులున్నారు.

అయ్యగారి చెయ్యి ఇంకా అతని కాలర్ని వదల్లేదు. ఆ చెయ్యి గడగడా వణుకుతోంది. ఫిలేమోను ఆ చెయ్యివంక చూశాడు.

"మీక్కూడా భయమేనా అయ్యగారూ?"

"చాలా" అన్నారు అయ్యగారు.

అంతే. ఇద్దరూ వెనక్కి నడిచారు. స్తంభాల దగ్గర అయ్యగారు వంగి చెప్పులు తొడుక్కున్నారు.

చివరి పడవకి జనం గుమిగూడారు. మామూలు రేవు అప్పటికే మునిగిపోయింది. అబ్బులు పడవని గుడి మెట్లకి ఆనించాడు. సుగుణ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. భర్త ఖాళీ చేతులు చూసింది. ముఖం తిప్పుకుంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని ఫిలేమోనుకి అనిపించింది.

అయ్యగారు పడవెక్కే ముందు ఆగి, మెట్టు మీద చెప్పులు విప్పి, చంకలో పెట్టుకున్నారు. ఈసారి అబ్బులు హాస్యమాడలేదు. చెయ్యిచ్చి లోపలికి లాగాడు.

పడవ కదిలింది. గోదారి దాన్ని అటు నుంచి తోస్తోంది, ఇటు నుంచి లాగుతోంది. గెడ కింద ఆనడం లేదు. అబ్బులు తెడ్డు అందుకున్నాడు. "ఎవరూ లేవకండి, ఎవరూ కదలకండి" అని అరుస్తున్నాడు గాని అతని గొంతే కదిలిపోతోంది. లోపల నీళ్ళు మడమల దాకా వచ్చాయి. ఎవరో చెంబుతో తోడుతున్నారు. వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన ఒక పెద్ద చెట్టు పడవ పక్కనుంచే, ఒక కొమ్మ సుగుణ భుజానికి తగిలేంత దగ్గరగా దొర్లుకుంటూ పోయింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా కేకలు పెట్టి, మళ్ళీ ఒక్కసారిగా ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే ఎక్కువ భయం వేసింది ఫిలేమోనుకి.

ప్రవాహం పడవని తూర్పు కొస మీదుగా తీసుకొచ్చింది. స్తంభాలు రెండూ కూడా ఇప్పుడు లేవు. నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి.

"ఇక్కడేనా?" అంది సుగుణ. బయల్దేరాక అదే ఆమె మొదటి మాట.

"ఇక్కడే" అన్నాడు. "ఇక్కడ ఉండేది."

ఆమె పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తోంది. పడవలో వెనక కూర్చున్న సారమ్మకి ఎక్కడికొచ్చారో అర్థమైంది. ఆనని కళ్ళు అటు తిప్పి, పెదాలు కదిలించింది. కొడుకుల పేర్లో, ప్రార్థనో, ఎవరికీ వినబడలేదు. సుడి పడవని పట్టుకుంది. పడవ ముక్కు తిరిగింది. అబ్బులు "యేసయ్యా" అని ఒక్క అరుపు అరిచి తెడ్డు మీద బరువంతా వేశాడు.

అప్పుడు అయ్యగారు ఫిలేమోను వైపు వంగారు. ఊపిరి అందడం లేదు ఆయనకి. మాట గొణుగుడులా వచ్చింది.

"ఫిలేమోనూ. చెప్పులు."

ఫిలేమోనుకి ముందు అర్థం కాలేదు. ఆయన కాళ్ళకేసి చూశాడు. పడవలో నిలిచిన ఎర్ర నీళ్ళలో ముసలి పాదాలు, ఉత్తవి, మడమలు పగిలినవి, పక్కపక్కన పెట్టుకుని ఉన్నాయి. ఒళ్ళో చెప్పులు. కిందటేడు వరద దగ్గర్నుంచీ రేవు రేవునా, ఎక్కినప్పుడల్లా ఆ చెప్పులు. తాము నవ్విన నవ్వులు.

"తోటలోకి వచ్చాం గదా" అన్నారు అయ్యగారు.

"తోటెక్కడుందండి!" ఫిలేమోను గొంతు చీరుకుపోయింది. "పోయింది గదా అయ్యగారూ! మీ కళ్ళముందే పోయింది గదా!"

అయ్యగారు తల తిప్పి నీళ్ళకేసి చూశారు. పడవ కింద నుంచి తూర్పుకి, ఇంకా తూర్పుకి, చూపు ఆనినంత మేరా ఒడ్డన్నది లేదు.

"పోలేదురా" అన్నారు. "పెద్దదైంది."

తర్వాత ఆయన దగ్గులో పడిపోయారు.

ఫిలేమోను కాళ్ళకేసి వంగాడు. తోలు చెప్పులు నాని బిగిసిపోయాయి. పట్టీ ఊడిరావడం లేదు. సుగుణ వంగి ఒక పట్టీ తప్పించింది. ఆ తర్వాత తన రబ్బరు చెప్పులు విప్పి మూట మీద పెట్టుకుంది. వెనక ఎవరో విప్పారు. ఇంకెవరో. చెంబుతో నీళ్ళు తోడుతున్న మనిషి ఒక చేత్తో తోడుతూనే రెండో చేత్తో విప్పాడు. చెప్పులు లేని సారమ్మ పడవలోని నీళ్ళలో పాదాలు రెండూ దగ్గరికి తీసుకుంది.

సుడి ఇంకా వదల్లేదు. పడవ ఇంకా తిరుగుతూనే ఉంది. గట్టు చాలా దూరం.

"బాబూ" అంది సారమ్మ, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే. "మొన్న మింగిన మాట ఉంది గదా. ఇక్కడ చెప్పు. వాళ్ళ దగ్గర చెప్పు."

ఫిలేమోను సుగుణ వైపు చూశాడు. ఆమె అతని నోటికేసే చూస్తోంది. కడుపులో రాయి అలాగే ఉంది, చల్లగా. అతను పడవ అంచు మీదుగా ఎర్ర నీళ్ళలోకి వంగాడు.

"శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను" అన్నాడు.

గట్టిగా అనలేదు. పడుకున్నవాళ్ళున్న ఇంట్లో మాట్లాడినట్టు, మెల్లగా అన్నాడు.